ఒట్టు మాత్రం వేయించుకోకు బిడ్డా

బిడ్డా,

మనసు బాగలేని మీ మరిదితోటి కూసొని, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏం చెయ్యాలె, ఎవరికి చెప్పాలె అన్న కాగితం రాయిస్తనన్నవంట, మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ఇనంగనే గుండె దడ వట్టింది. ఎనకసీరి సంబురమైంది. ముప్పై ఏండ్లు ఏఎన్నెమ్ముగ ఊర్లు తిరిగినా నాకు రాని ధైర్యం నీకొచ్చింది.

కాగితంల మాట ఆయనదే ఉండాలె. "మనసు బాగలేనప్పుడు" అని రాస్తే అర్ధరాత్రి అక్కరకు రాదు. మీ మామకైతే, అదే నా తమ్మునికి, ఆ ఆలోచన వస్తుందన్న గుర్తు ఏందంటే, అన్నం ముంగట వెట్టుకొని వేలితోటి గీతలు గీస్తుండె. అదే రాసిండు. దాని కింద, ఒక్కడే చేసుకునే పనులు: బర్రెను కడుగుడు, రేడియో వెట్టుకునుడు. పోయి కూసునే జాగ: దేవరకొండ బస్టాండు కాడి చాయ్ హోటలు. మనసిప్పి చెప్పుకునేటందుకు ఇద్దరు మనుషులు. ఆఖరుకు డాక్టరు, 14416. టెలిమానస్ అది, మనసు బాధలు చెప్పుకునే సర్కారు ఫోన్ లైను, 2022ల మొదలైంది. రాత్రింబగళ్లు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు అడగరు.

మీ మామదా అనుకుంటున్నవు గద. అవు. అడిగే రాస్తున్న. "రాయక్కా, పిల్ల నీ తీర్గ చెయ్యొద్దు" అన్నడు.

2015ల మూడు బోర్లు ఎండినయి, పత్తి మాడింది. ఒక రాత్రి అరుగు మీద కూసొని "అక్కా, నేను లేకుంటేనే మీకు నయం" అన్నడు. నేనేం చేసిన? ఏడ్చిన, తిట్టిన. ఆయన చిన్నబిడ్డను నిద్రల కెల్లి లేపుకొచ్చి, దాని నెత్తి మీద ఆయన చెయ్యి వెట్టించి ఒట్టు వేయించుకున్న. అది కండ్లు నలుపుకుంట "ఏందత్తా" అన్నది. ఒట్టు పడ్డది గద అని పోయి పండుకున్న. ఊరందరికి బుద్ధులు చెప్పేదాన్ని!

ఇరవై దినాలకు ఆయనను దవాఖానల చూసిన. అండ్ల కూడ పోలీసు కేసైతదని ఇంటోళ్లు జరసేపు దాచిన్రు. (2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చినంక, మస్తు ఒత్తిడిల ఉండే చేసిండనుకోవాలె, శిక్ష వెయ్యొద్దని ఉంది. ఎన్నడన్న అట్లాంటి గడియ వస్తే దాచకున్రి, ఒంటరిగ వదలకున్రి, 108కు చెయ్యున్రి.) బతికిండు. నాలుగో దినం నోరు తెరిచి అన్న మాట ఇది: "ఒట్టు వెట్టిన గదక్కా, మళ్ల అదే ఆలోచన వస్తుందని నీకే ముఖం వెట్టుకొని చెప్పాలె?"

చెయ్యనని చెప్పిచ్చుకున్న గని, అనిపిస్తే ఎవరి తలుపు కొట్టాలెనో చెప్పలే. నా తలుపు నేనే మూసిన.

అందుకే సూటిగ అడుగు: "చచ్చిపోవాలనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన నెత్తికెక్కుతదని మనోళ్ల భయం. ఎక్కదు. అడిగినోళ్లు ఒకరున్నరని తెలుస్తది.

ఇగ నాకు నిద్ర పట్టనియ్యంది పత్తిమందులు. మీ కొట్టంల ఉంటయి, దసరాకు వచ్చినప్పుడు చూసిన. "తాళం వేసినం పెద్దమ్మా" అంటవు. తాళంచెవి యాడ? బియ్యం డబ్బా కింద! ఇల్లంతకు ఎరుకే. రేపే అవన్ని వేరేవాళ్ల ఇంట్ల పెట్టియ్యి, చెవి కూడ ఆడనే ఉండాలె. కొట్టే రోజు ఆ రోజుకు సరిపోను మీ ఆయన తెచ్చి, మిగిలింది వాపసు ఇచ్చి రావాలె. దొంగతనంగ కాదు, మరిదికి చెప్పే తియ్యి, కాగితంల రాయి. ఆ ఆలోచన వరదలెక్క వచ్చి తగ్గుతది. ఆ గడియల చేతికి ఏం అందొద్దు. శ్రీలంకల 1995ల పెద్ద విషపు మందులు బందు వెట్టినంక చావులు చాన తగ్గినయి బిడ్డా, మనుషుల కష్టాలు తగ్గి కాదు.

గోళీలు ఆపనియ్యకు, కాగితం ఉంది గదా అని డాక్టరు దగ్గరికి పోవుడు మానొద్దు. అంత బరువు నువ్వొక్కదానివే ఎత్తుకోకు, నీకెన్నేండ్లని! సన్నగైనవని మీ అమ్మ అంటున్నది, ఇంత తిను.

ఆ ఇద్దరి పేర్ల కింద మీ మామ నంబరు కూడ రాయించు, మరిది ఒప్పుకుంటేనే. ఈయన సరే అన్నడు. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతడు, బర్రె ఈనేటట్టున్నది, ఎట్లాగు మేల్కొనే ఉంటున్నడు.

నీ పెద్దమ్మ