వానకి కప్పు మీంచి పిల్లులు జారిపడవండీ

కుండపోత వానని ఇంగ్లీషులో ‘రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటారు కదా, ఆ మాట ఇంగ్లండ్‌లో పూర్వం గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకి జారిపడటం వల్ల పుట్టిందా అని అడిగారు. కాదు. తాటాకింట్లో పెరిగినవాణ్ణి, నన్నడగండి.

కోనసీమలో మా అమ్మమ్మగారిది తాటాకిల్లు. ఓ తుఫాను రాత్రి పడమటి వైపు ఆకు లేచిపోయింది. తాతయ్య, మామయ్య కప్పు మీదుగా మోకులు వేసి గుంజలకి బిగిస్తున్నారు. లోపల కారే చోటల్లా అమ్మమ్మ గిన్నెలు పెడుతోంది. పిల్లి ఎక్కడుందనుకున్నారు? అటక మీద, గోనెసంచుల్లో. ఎప్పుడూ గడప తొక్కనివ్వని వీధికుక్క కూడా ఆ రాత్రి వసారాలోకి దూరింది. దాని తడి కంపుకి నాకు నిద్ర పట్టలేదు. వాన మొదలవగానే జంతువేదైనా చూరు కిందికి వస్తుంది గానీ కప్పెక్కదు. నీళ్లు నిలవకూడదనే కదా కప్పుని అంత వాలుగా వేసేది, దాని మీద కుక్క ఎలా పడుకుంటుంది?

ఈ కథ 1999లో ‘1500ల నాటి జీవితం’ అంటూ ఈమెయిళ్లలో తిరిగింది. ఇప్పుడు వాట్సాప్ వంతు. మావాడి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు నోట్సులోనూ ఇదే. ఫీజు కట్టించుకుని మరీ ఫార్వర్డులు చెబుతున్నారు! నేను రోజూ అమెరికావాళ్లతో కాల్స్‌లో ఉంటాను, ఒక్కరి నోటా ఈ మాట వినలేదు. ‘పోరింగ్’ అంటారు, అంతే.

అసలు 1651లోనే హెన్రీ వాన్ అనే కవి, కుక్కలూ పిల్లులూ వానగా కురిసినా సరుకు తడవకుండా కాపాడే కప్పు గురించి రాశాడు. చూశారా, అవి పడేది కప్పు మీదికి, కప్పు మీంచి కాదు! జొనాథన్ స్విఫ్ట్ 1710లో లండన్ వాన మీద రాసిన కవితలో మురుగుకాలవల్లో చచ్చిన కుక్కపిల్లలు, పిల్లులు కొట్టుకొస్తాయి. ఇప్పుడు మనం వాడే మాటని 1738లో అచ్చేయించిందీ ఆయనే. వాన్ ముందే అన్నాడుగా అంటారేమో, అననీండి. వానాకాలం హైదరాబాద్ నాలాలు చూసినవాడిగా, ఈ మాట ఎలా పుట్టిందంటే నా ఓటు ఆ కాలవలకే.

నోట్సులో ఆ పేజీ మావాడి చేత కొట్టేయించాను. పరీక్షలో సరిగ్గా అదే ఇచ్చారు. కాలవల సంగతి రాస్తే సున్నా వేశారు.