మ్యాచ్ చివర అండర్‌స్కోర్ పెట్టి వార్నింగ్ పోగొట్టొచ్చా?

ఓక్యామెల్ ప్రోగ్రామింగ్ భాషలో ‘ఈ ప్యాటర్న్ మ్యాచింగ్ ఎగ్జాస్టివ్ కాదు’ (అంటే రాగల విలువలన్నిటికీ కేసులు రాయలేదు) అని వార్నింగ్ 8 వస్తోంది, చివర ఏ విలువకైనా సరిపోయే అండర్‌స్కోర్ కేసు పెడితే పోతోంది, అలా వదిలేయొచ్చా అని అడిగారు. పోతుంది, నిజమే. కానీ మీరు సొంతంగా రాసుకున్న వేరియంట్ టైపు (విలువ ఫలానా పేర్లలో ఏదో ఒకటే అని చెప్పే టైపు) మీద మాత్రం ఆ పని చేయకండి.

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కమిషన్ వ్యాపారం చేసే ఒకాయనకు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. లాటు స్థితి వేరియంట్ టైపు, దానికి నాలుగు కన్‌స్ట్రక్టర్లు (అంటే ఆ పేర్లు): వచ్చింది, వేలమైంది, తూకమైంది, చెల్లించాం. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేసి, “రేటు గిట్టక రైతు సరుకు ఎనక్కి ఎత్తుకపోతే దాన్ని యాడ రాసుకోవల్ల?” అన్నాడు. సరే, ‘వెనక్కిపోయింది’ అని ఐదోది టైపులో చేర్చి కంపైల్ చేశా. ఆ కేసు ఎక్కడెక్కడ లేదో ఫైలు, లైనుతో సహా కంపైలర్ వరసగా చూపించింది: బిల్లు ప్రింటు, రోజు మొత్తం, హమాలీ లెక్క. బిల్లు సంగతి నాకూ తట్టేదే. హమాలీ మాత్రం తట్టేది కాదు. సరుకు వెనక్కి పోయినా లారీ నుంచి దించిన కూలి ఇవ్వాల్సిందే కదా! అక్కడ అండర్‌స్కోర్ పెట్టి సున్నా అని రాసి ఉంటే కంపైలర్ నోరెత్తేది కాదు, యార్డులో గొడవయ్యాకే తెలిసేది.

ఇంతకీ కంపైలర్ ఎలా కనిపెడుతుందంటే, మీ కేసులన్నిటి కింద తనే ఒక అండర్‌స్కోర్ వరస ఉన్నట్టు అనుకుని, పైవన్నీ దాటి అక్కడిదాకా రాగలిగే విలువ ఏదైనా ఉందా అని వెతుకుతుంది. దొరికితే దాన్నే వార్నింగులో ఉదాహరణగా చూపిస్తుంది. 2007లో ల్యూక్ మరాంజే పేపర్‌లో వివరించిన పద్ధతి ఇది. రస్ట్ అనే భాషదీ ఇదే దారి, కాకపోతే అక్కడ వార్నింగ్ కాదు, ఏకంగా ఎర్రరే. ఆ వరస ముందే మీరు రాసేస్తే ఇక దానికి వెతకడానికేం మిగలదు. నాలుగింటికీ ఒకే జవాబైతే నిలువు గీతలతో పేర్లన్నీ కలిపి రాయండి. టైపింగ్ కాస్త ఎక్కువ, అంతే.

‘వెన్’ గార్డులతో, అంటే కేసుకు తగిలించే షరతులతో, ఇంకో తిరకాసు ఉంది. బరువు 50 కిలోలు దాటితే ఒక కేసు, 50 లేదా అంతకు తక్కువైతే ఇంకో కేసు అని రాస్తే మన లెక్కకు అన్నీ వచ్చినట్టే, అయినా వార్నింగ్ వస్తుంది. గార్డు లోపలి లెక్క కంపైలర్ చూడదు మరి. చివరి కేసుకు గార్డు తీసేయండి. పూర్ణాంకాలు, స్ట్రింగుల మీద మ్యాచ్ అయితే అండర్‌స్కోర్ ఎలాగూ తప్పదు.

ఓక్యామెల్ బిల్డ్ టూల్ డ్యూన్ వాడుతుంటే ఒకటి గమనించండి: డెవ్ (డెవలప్‌మెంట్) ప్రొఫైల్‌లో వార్నింగ్ 8 ఎర్రరై బిల్డ్ ఆగిపోతుంది, రిలీజ్‌లో ఉత్త వార్నింగే. పాత కోడులో ఇలాంటి అండర్‌స్కోర్లు బయటపడాలంటే వార్నింగ్ 4 ఆన్ చేయాలి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే ఒకటే గోల. నేనైతే ఓసారి నడిపి, లాటు స్థితికి సంబంధించినవి సరిచేసుకుని, మళ్లీ ఆఫ్ చేసేస్తా.