డాబా ఎక్కే ముందు

హనుమకొండ,
మే నెల.

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కాజీపేటలో నీ స్నేహితుడి ఇంటి డాబా కారుతోందనీ, ఈ ఆదివారం నుంచి ఇద్దరూ కలిసి మీ చేతులతోనే బాగుచేస్తారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. నీళ్లు దిగకుండా పూసే మందు పెద్ద డబ్బా అప్పుడే కొనేశారని కూడా చెప్పింది. అది మాత్రం నాకు నచ్చలేదు. ఆ డబ్బా మూత తీయకుండా మెట్ల కింద పెట్టండి. దానితో పని ఉందో లేదో ఇంకా మీకు తెలియదు.

ముప్పై ఏళ్లు కట్టడాల పని చూసినవాడిని. నీళ్లు కింద చుక్కలుగా పడే చోటు ఒకటి, పైన దిగే చోటు మరొకటి. స్లాబులోకి దిగిన నీరు ఇనుప చువ్వల పక్కన, కరెంటు పైపుల వెంట పాకుతూ పోయి ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడుతుంది. ఫ్యాను కొక్కెం దగ్గర కారుతోందని సరిగ్గా ఆ పైన తవ్వినవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు.

ముందుగా నీ స్నేహితుడి తల్లిని కూర్చోబెట్టి అడుగు. వానాకాలంలో బకెట్ పెట్టేది ఆవిడే కదా. వాన మొదలైన ఎంతసేపటికి మొదటి చుక్క పడేదో ఆవిడకు తెలుస్తుంది. చినుకు పడిన కొద్దిసేపటికే కారితే ఎక్కడో తెరిచిన పగులు ఉన్నట్టు. గంటలు గడిచాక కారితే పైన నీరు నిలిచి నెమ్మదిగా ఇంకుతున్నట్టు. వాన లేని రోజుల్లోనూ చెమ్మ ఉంటే డాబాను వదిలేసి ట్యాంకు పైపులూ స్నానాల గది పైపులూ చూడండి.

తర్వాత సుత్తి పట్టుకుని డాబా ఎక్కు. పిడి వైపుతో గచ్చును తట్టుకుంటూ వెళ్లు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది. పైపూత లేచినచోట కుండ మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. అలా పలికిన చోటల్లా సుద్దముక్కతో చుట్టు గియ్యి. నేనైతే మొదట అనుమానించేది గచ్చు మధ్య భాగాన్ని కాదు. పిట్టగోడ స్లాబును కలిసే మూలను, వాన నీళ్లు దిగే గొట్టం మూతిని, ట్యాంకు దిమ్మె అడుగును. డిష్ యాంటెన్నా బిగించడానికి ఎవరో వచ్చి స్లాబుకు నాలుగు బోల్టులు దించి పోయి ఉంటే వాటినీ చూడు. పగులులో రావిమొక్క కనిపిస్తే పైన పుటుక్కున తెంపి ఊరుకోకండి. వేరు లోపల ఉన్నంతకాలం మళ్లీ మొలుస్తూనే ఉంటుంది.

మే నెలలో వాన లేదు కాబట్టి దాన్ని మీరే కురిపించాలి. డాబాను నాలుగు భాగాలు చేసి, పాత గుడ్డలూ తడి మట్టీ కలిపి చిన్న కట్టలు వేయండి. గొట్టం మూతిని గుడ్డతో బిగించి, ముందు పల్లంలో ఉన్న భాగంలో అంగుళం మందాన నీళ్లు నిలపండి. ముందే పైభాగాన పోస్తే నీళ్లు కిందికి జారి ఏ భాగం కారుతోందో తేలదు. ఒక్కో భాగానికి ఒక రోజు ఇవ్వండి. ఎండకు ఆవిరైనంత సాయంత్రం మళ్లీ పోయండి. ఒకరు కింద కూర్చుని, పైకప్పు మీద చెమ్మ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కనే గంట రాయాలి. విసుగు పుట్టించే పనే. ఆ గీతలే మీకు చిల్లు చూపిస్తాయి. నిచ్చెన ఎక్కే ముందు ఆ గదికి కరెంటు ఆపండి. పైకప్పు పెచ్చులు ఊడి తుప్పుపట్టిన చువ్వలు బయటపడి ఉంటే మాత్రం అది మీ ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అక్కడితో ఆపి ఇంజినీరును పిలవండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేనే తప్పు చేశాను. నా స్నేహితుడి కూతురి పెళ్లికి పది రోజులుంది. ముందు గది గోడ చెమ్మగా ఉంది. ‘నేనున్నాను కదా’ అని చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండానే లప్పం పట్టించి రంగు వేయించాను. పెళ్లినాటికి గోడ అప్పడంలా పొంగింది. ఆ ఇంట్లో తీసిన ఫోటోలన్నింటిలో వధూవరుల వెనుక ఆ బుడగలే. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఇంటి పని ఏదీ నాతో చెప్పలేదు కూడా.

ఈలోగా ఎవరో ఒకరు వచ్చి ‘మొత్తం మీద రెండంగుళాల గచ్చు పోయించండి, పీడ పోతుంది’ అంటారు. ఒప్పుకోవద్దు. వంద చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం సిమెంటు గచ్చు పోస్తే దాదాపు 500 కిలోల బరువు. ఆరు వందల అడుగుల డాబా మీద రెండంగుళాలంటే 6 టన్నులు, అదీ పాత స్లాబు నెత్తిన. పాలంపేటలో రామప్ప గుడి కట్టినవాళ్లు పైన బరువు తగ్గించడానికి నీళ్ల మీద తేలే ఇటుకలతో శిఖరం లేపారు. వాళ్లు పుట్టిన నేల మీద మనం నెత్తికి బరువు ఎత్తుకుంటున్నాం.

గచ్చు మందం కాదు, వాలు ముఖ్యం. గొట్టం వైపు పది అడుగులకు అంగుళం నుంచి అంగుళంన్నర వాలు ఉండాలి. గొట్టం ఒక్కటే ఉంటే రెండోది పెట్టించమని మీ వాడికి చెప్పు. అంత డాబా మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితేనే 550 లీటర్ల పైచిలుకు నీళ్లు. 2023 జూలైలో అదే రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి రోజు ఒక్క గొట్టానికి ఒక మామిడాకు అడ్డుపడినా చాలు, డాబా చెరువైపోతుంది.

చిల్లు దొరికాక పని పెద్దది కాదు. పగులును ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్మంతా బ్రష్షుతో ఊడ్చి, అప్పుడు పూడ్చండి. పిట్టగోడ మూలను పదునుగా వదలక గుండ్రంగా మెత్తండి. సిమెంటు మాలు అరగంటలో వాడగలిగినంతే కలపండి; బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోసి కలిపితే అది మట్టితో సమానం. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. కొత్త సిమెంటు మీద తడి గోనెసంచులు వారం రోజులు కప్పి ఉంచాలి. ఈ ఎండలకు పూటపూటకూ తడపవలసిందే, నల్లా వచ్చే వేళ కనుక్కుని ఉండండి. పూతమందు అవసరమని తేలితే అప్పుడు డబ్బా తీసి ముందు దాని మీద రాసింది చదవండి. కొన్నిటికి తడి నేల కావాలి, కొన్నిటికి పొడి నేల. ఉదయం ఎండ ముదరకముందే రెండు పూతలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, పిట్టగోడ మీదికి జానెడు ఎక్కేలా వేయండి. ఆరాక మళ్లీ నీళ్లు నిలిపి చూడండి. మృగశిర కార్తె లోపు ఇదంతా అయిపోవాలి. గది లోపలి రంగుకు తొందర లేదు, ఈ వానాకాలం గడిచాక చూసుకోవచ్చు.

ఇంకొక మాట, ఇది పనికంటే కష్టమైనది. ఇల్లు అతనిది. నీకు నాలుగు విషయాలు ఎక్కువ తెలిసినా ‘ఇలా చేద్దామా’ అని అడిగి చెయ్యి. సామాను డబ్బు అతని చేతి మీదుగానే పోనివ్వు. దుకాణంలో నువ్వు ఇవ్వాల్సివస్తే రశీదు అదే రోజు అతని చేతిలో పెట్టు. సుతారిని నువ్వు తీసుకురావద్దు. పని చెడితే ఆ సుతారి నీ మనిషైపోతాడు, మీ వాడు గట్టిగా అడగలేక మింగుకుంటాడు. కావాలంటే ఇద్దరూ కలిసి కూలీల అడ్డా దగ్గరికి వెళ్లి మాట్లాడుకోండి. వాళ్ల అమ్మ అన్నం పెడితే తిను. ‘బయట తింటాం’ అనకు, ఆవిడ ఇవ్వగలిగిన కూలి అదే.

వాలు చూడటానికి నా రసమట్టం, అదే బుడగ ఉండే మట్టపు బద్ద, అటక మీద ఉంది, శనివారం వచ్చి తీసుకువెళ్లు. అది పాతది, నమ్మకం తక్కువ. ఒకసారి పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో చూసుకుని, అదే చోట దాని కొసలు తారుమారు చేసి పెట్టు. రెండుసార్లూ బుడగ గదిలో ఒకే దిక్కుకు పోతే వాలు నేలది. రెండోసారి అవతలి దిక్కుకు పోతే వంకర రసమట్టానిది, అప్పుడు దాన్ని ఇక్కడే వదిలేసి నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో మట్టం చూసుకోండి.

మీ మామయ్య