ప్రశ్నను చివరి నుంచి చదివి చూడు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హిస్టరీ అసైన్‌మెంట్‌కు పన్నెండు పేజీలు రాస్తే 10కి 3 మార్కులు వేసి, 'అడిగింది రాయలేదు' అని ఎర్ర పెన్నుతో రాశారు మా సార్. నేను రాసినదాంట్లో తప్పులు లేవు మేడమ్. అసలు ఏం అడుగుతున్నారో ఎలా తెలుస్తుంది? వచ్చే వారం ఇంకోటి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: నువ్వు పంపిన పేజీలన్నీ చదివాను బిడ్డా. గణపతిదేవుడు, రుద్రమదేవి, 1213 నాటి రామప్ప గుడి, 2021లో యునెస్కో గుర్తింపు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇప్పుడు ప్రశ్న మళ్లీ చూడు: "పాకాల ఉదాహరణగా, కాకతీయుల చెరువులు నేటి సాగు అవసరాలను ఎంతవరకు తీరుస్తున్నాయో విమర్శనాత్మకంగా పరిశీలించండి." పన్నెండు పేజీల్లో మీ నర్సంపేట దగ్గరి పాకాల చెరువుకు దక్కింది రెండు లైన్లు. 'నేటి' అన్న మాటకైతే జవాబే లేదు.

బడిలో ఏది అడిగినా గైడ్‌లో ఉన్నదంతా రాసే అలవాటు మనది. 'కాకతీయుల చెరువులు' కనపడగానే పెన్ను పరుగెడుతుంది. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఏం చేయమన్నారో చెప్పే మాట దాకా కన్ను పోకముందే జవాబు మొదలైపోతుంది. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలతో ప్రశ్నను వెనక నుంచి చదివిస్తాను. ముందు 'పరిశీలించండి', తర్వాత 'ఎంతవరకు', తర్వాత 'నేటి', ఆఖరున చెరువులు.

'వివరించండి' అంటే నీకు ఇబ్బంది లేదు, అది బాగానే రాస్తావు. 'విమర్శనాత్మకంగా' అన్నప్పుడు రెండు వైపుల ఆధారాలూ తూచి నీ అభిప్రాయం చెప్పాలి. 'ఎంతవరకు' అన్నారంటే హద్దు గీయాలి. వానాకాలం పంటకు, యాసంగికి నీళ్లు ఒకేలా అందుతున్నాయా? కాలువ చివరి పొలాల సంగతేంటి? చెరువు ఉన్నా బోర్లు ఎందుకు వేస్తున్నారు? 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో ఏం మారింది?

మీ నాన్నకు పాకాల ఆయకట్టులో పొలం ఉందని రాశావు. ఐదేళ్లలో ఎన్ని యాసంగులకు నాట్లు పడ్డాయో ఆయన్నే అడుగు. ఆ ఒక్క మాటే ఆధారం కాదు గానీ, ఇరిగేషన్ లెక్కల్లో ఏం వెతకాలో దాంతో తెలుస్తుంది. ఇంటి ముందు పారే నీళ్లను వదిలేసి రాజుల వరుస రాశావని నాకు నిజంగా బాధనిపించింది.

రాయడానికి ముందు ప్రశ్నను ఇంట్లో మాట్లాడే మాటల్లో రెండు లైన్లకు కుదించుకుని, 'ఇదేనా సార్ అడుగుతున్నది?' అని సార్‌కు చూపించు. మొహమాటపడకు. గ్రూప్-1 రాయాలనుకుంటున్నావు కాబట్టి చెప్తున్నా, మెయిన్స్‌లో జనరల్ ఎస్సే ఒక్కటే 150 మార్కులు. అక్కడ అడగడానికి ఎవరూ ఉండరు.

వచ్చే వారం 'చెరువు సాగును, బోరు సాగును పోల్చండి' కదా. మూడు పేజీలు చెరువు, మూడు పేజీలు బోరు అని రాయకు. ఖర్చు తీసుకుంటే రెండింటి ఖర్చూ పక్కపక్కన పెట్టు. తర్వాత వానలు లేని ఏడాది ఏది నిలబడుతుందో చూడు. ఆ తర్వాత నీళ్లు ఎవరి చేతిలో ఉంటాయో రాయి. చెరువైతే ఊరంతటిదీ, బోరైతే వేసినవాడిది. నాకైతే నీ జవాబు అక్కడే చిక్కబడుతుందనిపిస్తోంది, ఆ పేరాకు ఎక్కువ చోటివ్వు.