పాత కారు బాగు చేయించాలా? ముందు అది ఎందుకు ఆగిందో కనుక్కోండి

1968 అంబాసిడర్, అమ్మమ్మగారి ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా షెడ్డులో ఉంది, మీటరులో ఇరవై రెండు వేల కిలోమీటర్లే, బాగు చేయించాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మేయాలా అని అడిగారు. మీరు చెప్పిన వివరాల్లో ఒక్కటి కూడా నాకు పెద్దగా పనికిరాదు. నాకు కావలసింది మీరు రాయలేదు. ఆ కారు ఎందుకు ఆగింది?

మా ఇంట్లో దొరికింది ఫియట్. 1971లో మా పెదనాన్న కొన్న 1100 డిలైట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన బండి. దానికే తరవాత ప్రెసిడెంట్ అని, 1974లో పద్మిని అని పేర్లు మార్చారు. పద్మిని అంటే అందరికీ తెలుసు, డిలైట్ అంటే ఇప్పటి పిల్లలు ఐస్‌క్రీము అనుకుంటారు. ఆ రోజుల్లో కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అంత ఎదురుచూసి తెచ్చుకున్న కారులో పదమూడేళ్ళకు ఆయన తిరిగింది పద్దెనిమిది వేల నాలుగు వందల కిలోమీటర్లు. కారణం చెబితే నవ్వుతారు. ఆయనకు రివర్సు రాదు.

స్టీరింగు కింద ఎడమవైపు ఉండే గేరు కర్రతో ముందుకు నాలుగు గేర్లూ చక్కగా వేసేవారు. వెనక్కి వెళ్ళే గేరు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. మెడ వెనక్కి తిప్పితే కాళ్ళు మాట వినవని ఆయనే చెప్పేవారు. నేర్పుతామన్నవాళ్ళను దగ్గరకు రానివ్వలేదు, డ్రైవరును పెట్టుకోనూ లేదు. దానికి బదులు, కారును వెనక్కి పోనివ్వాల్సిన అవసరం లేని ఊళ్ళకే వెళ్ళేవారు.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. కారులో దొరికిన చిన్న నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక్కో పేజీకి ఒక్కో ఊరు. పొన్నూరు, గుడి ముందు, పక్కన ఒక సున్నా. రేపల్లె, స్టేషను ముందు, సున్నా. చేబ్రోలుకు రెండు సున్నాలు, అంటే గుండ్రంగా తిరిగి రావడానికి రెండు చోట్లు. తెనాలికి సున్నా చుట్టి, దాని మీద 'ఆదివారం మాత్రమే' అని రాసుకున్నారు. విజయవాడ పేజీలో పేద్ద ఇంటూ మార్కు, ఇంకేమీ లేదు. మా చిన్నప్పుడు ప్రతి పండక్కీ పొన్నూరే ఎందుకు తీసుకువెళ్ళేవారో నాకు యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. ఆంజనేయస్వామి మీద భక్తి అనుకున్నాం.

అదే లెక్కన మా రైసు మిల్లు గోడౌను కూడా ఆయనకు సరిపోయింది. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో మా ఊరు. గోడౌనుకు రోడ్డు వైపు ఒక తలుపు, వెనక కాలవ గట్టు వైపు ఒక తలుపు. రోడ్డు వైపు నుంచి లోపలికి, గట్టు వైపు నుంచి బయటికి. రివర్సుతో పనే లేదు. 1984లో అన్నదమ్ముల పంపకాలు జరిగాయి. గోడౌను పెదనాన్నకు, దాని వెనక స్థలం మా నాన్నకు వచ్చాయి. హద్దు గోడ కట్టేటప్పుడు నాన్న ఆ వెనక తలుపు ఉన్నంత మేరా ఇటుకలు పేర్పించేశారు. కారు అప్పుడు లోపలే ఉంది, ముఖం ఆ తలుపు వైపే పెట్టి.

నలుగురు మనుషులు వెనక్కి తోస్తే ఐదు నిమిషాల పని. పెదనాన్న తోయనివ్వలేదు. గోడ తీస్తేనే కారు బయటికి వస్తుంది అన్నారట. గోడ తీయలేదు. ఆయన పోయాక కూడా ఎవరూ ఆ తాళం తీయలేదు. మన ఇళ్ళల్లో తక్కువ తిరిగిన కార్ల వెనక ఇలాంటి పంతాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే బాగుంటుంది. అమ్మకాల ప్రకటనల్లో మాత్రం 'అపురూపంగా చూసుకున్న బండి' అని రాస్తారు.

2019లో పెదనాన్న కూతురు ఫోను చేసింది. "తమ్ముడూ, మిల్లు అమ్మేస్తున్నాం. లోపల నాన్నగారి కారు ఉంది. పాత ఇనుము కొనేవాడు ఇరవై ఐదు వేలు ఇస్తానన్నాడు. నీకు కావాలంటే ఆ డబ్బు ఇచ్చి తీసుకెళ్ళు" అంది. చూసి చెబుతానన్నాను.

తాళం పగలగొట్టి తలుపు తీస్తే లోపల తవుడు దుమ్ము, గబ్బిలాల వాసన. కారు నాలుగు దుంగల మీద నిలబెట్టి ఉంది. పెదనాన్నకు రివర్సు రాకపోయినా బుద్ధి ఉంది. సీట్ల మీద వేపాకు పరిచారు, అది ఎండి నలిగి టీ పొడిలా అయింది. అయినా ఎలుకలు వెనక సీటు చీల్చి కొబ్బరి పీచంతా లాగి గూడు పెట్టాయి. కారు ముక్కుకూ ఇటుక గోడకూ మధ్య జానెడు జాగా. ముప్పై అయిదేళ్ళు ఆ రెండు దీపాలూ మా నాన్న కట్టించిన గోడను చూస్తూ ఉన్నాయి. పైకప్పు మీద సొట్ట కనిపించగానే గుర్తుపట్టాను. 1977 నవంబరు తుపాను రాత్రి కొబ్బరి గెల పడిన చోటు అది. దివిసీమలో వేల ప్రాణాలు పోయిన ఆ తుపానులో మా ఊరు బతికిపోయింది. కారుకు ఆ సొట్ట ఒక్కటే మిగిలింది.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయనను తీసుకువెళ్ళాను. నలభై ఏళ్ళు ఫియట్లే విప్పిన చెయ్యి. ఆయన బానెట్ ఎత్తలేదు. మీటరు చూడలేదు. బీడీ వెలిగించబోయి, దుమ్ము చూసి మానుకుని, "ఇది ఎందుకు ఆపారండీ?" అని అడిగారు.

"గోడ కట్టారండీ" అన్నాను.

వివరం విన్నాక చాలాసేపు నవ్వారు. "అయితే బండికి రోగం లేదు. రోగం మీ ఇంట్లో వాళ్ళకు" అన్నారు.

నా జవాబంతా ఆ మాటలోనే ఉంది. నడుస్తూ నడుస్తూ ఆగిన కారు వేరు, ఆపేసిన కారు వేరు. ఇంజను పట్టేసి, హెడ్డు పగిలి, బాగు చేయించే స్తోమత లేక షెడ్డులో పెట్టినదైతే ఆ పాత రోగానికి తోడు ముప్పై ఏళ్ళ తుప్పు కలుస్తుంది. యజమాని పోయో, చూపు తగ్గో, కోర్టు కేసులోనో ఆగినదైతే ధైర్యంగా చెయ్యి పెట్టవచ్చు. కిలోమీటర్లతో దీనికి సంబంధమే లేదు. అసలు ఆ మీటరును నమ్మడమే తప్పు. ఐదంకెల మీటరు లక్ష దాటగానే మళ్ళీ సున్నాల దగ్గర మొదలవుతుంది. మీ ఇరవై రెండు వేలు లక్షా ఇరవై రెండు వేలు కూడా కావచ్చు. క్లచ్ పెడల్ మీది రబ్బరు చూడండి. గీతలు అరిగి నున్నగా ఉంటే మీటరు అబద్ధం చెబుతున్నట్టే.

రెండోది, కింద దూరి చూడండి. ఫియట్‌కూ అంబాసిడర్‌కూ లారీలకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఎముకల గూడు. తలుపుల కింది అంచులు, జాకీ పెట్టే చోట్లు, కాళ్ళ కింద చాప ఎత్తి ఆ రేకు, అన్నీ స్క్రూడ్రైవరుతో పొడవండి. టంగుమంటే బతికి ఉంది. లోపలికి దిగితే ఖర్చు మీరు అనుకున్నదానికి మూడింతలు. మా కారు బతికింది ధాన్యం పుణ్యమా అని. వడ్లు తడవకూడదని గోడౌను నేల మూడడుగుల ఎత్తున సిమెంటు చేసి, బండ్లు ఎక్కడానికి వాలు కట్టారు. డెల్టాలో మట్టి నేల మీద పెట్టి ఉంటే ఈపాటికి రేకు జల్లెడ అయ్యేది.

మూడోది, దయచేసి స్టార్ట్ చేయకండి. పాత కారుకు కొత్త బ్యాటరీ తగిలించి తాళం తిప్పి చప్పట్లు కొట్టే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సిలిండర్ల గోడలు పొడిగా ఉంటాయి, రింగులు అంటుకుని ఉంటాయి, అలాంటప్పుడు బలవంతంగా తిప్పితే బాగున్న ఇంజను కూడా పాడవుతుంది. మా పెద్దాయన నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త కాస్త ఆయిలు పోసి, నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఐదో రోజు ముందు పుల్లీ నట్టుకు పానా పెట్టి మెల్లగా లాగారు. కదలలేదు. ఇంకాస్త ఆయిలు, ఇంకో రెండు రోజులు. ఏడో రోజు నూలు పోగంత కదిలింది. ఆ పూట ఆయన భోజనం చేసి వచ్చేదాకా నన్ను మళ్ళీ ముట్టుకోనివ్వలేదు.

పెట్రోలు ట్యాంకు అడుగున బెల్లం పాకం లాంటిది గడ్డకట్టి ఉంది, వార్నిష్ వాసన. అది విప్పి పక్కన పడేసి, బానెట్ కడ్డీకి సెలైన్ సీసాలా ఒక సీసా వేలాడదీసి, సన్న గొట్టంతో కార్బురేటరుకు పెట్రోలు ఇచ్చారు. ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా చేసే పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్దారు. మూడోసారికి దగ్గి, ఎలుకల గూడు పీచు సైలెన్సరులోంచి ఎగజిమ్మి, నడిచింది. ఆ 1089 సీసీ ఇంజను చప్పుడు కుట్టుమిషన్ చప్పుడులా ఉంటుంది. మిల్లు వాచ్‌మన్ దండం పెట్టాడు.

ఇంజనుకు అయిన ఖర్చు తక్కువే. డబ్బు తిన్నవి మిగతావి. నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లూ పట్టేశాయి. వైరింగు ముట్టుకుంటే పొడి. టైర్ల మీద కొత్త టైర్లకు ఉండే రబ్బరు వెంట్రుకలు ఇంకా ఉన్నాయి, పక్కలు మాత్రం బీటలు వారాయి. 'కొత్త టైర్లే కదా' అన్న బావగారి సలహా వినలేదు, మీరూ వినకండి. విడిభాగాలకు బొంబాయి ట్యాక్సీలు దిక్కయ్యాయి. అక్కడ చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరయింది, ఇరవై ఏళ్ళ పరిమితితో 2023లో రోడ్డు దిగింది. ఈలోపు తుక్కుకు పోయిన బండ్ల సామాను కొంత పాత సామాను కొట్లకు చేరింది. మీ అంబాసిడర్‌కు ఆ బాధ ఇంకా తక్కువ. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా అవి తయారయ్యాయి కాబట్టి సామాను దొరుకుతుంది. అన్నీ కలిపి నాకు లక్షా ఎనభై వేలు, పద్నాలుగు నెలలు పట్టింది.

రంగు వేయించలేదు. టింకరింగ్ చేసే అతను రెండుసార్లు ఇంటికి వచ్చి బతిమాలాడు. పాత రంగు గీకేసి, సొట్టకు పుట్టీ పెట్టి, మెరిసే ఎర్ర రంగు కొట్టి, పెళ్ళిళ్ళకు అద్దెకు ఇవ్వమని సలహా. పెళ్ళికొడుకులకు నా కారు ఇవ్వను. వాడి లెక్క ప్రకారం ఒక్క రంగుకే నేను మొత్తం పెట్టినంత అయ్యేది, అయ్యాక అది ఎవరి కారైనా కావచ్చు. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది, గీకాక తిరిగి రాదు. మీది సగం రంగు నిలిచి ఉంటే నీళ్ళతో కడిగి వదిలేయండి.

కాగితాల సంగతి. యాభై ఏళ్ళు దాటిన సొంత వాహనాలకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషను వచ్చింది. ఫీజు ఇరవై వేలు, నంబరులో 'వీఏ' అక్షరాలు, పదేళ్ళ గడువు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డు మీద తిప్పకూడదు. కూరగాయలకు వెళ్ళడానికి వీల్లేని కారు నాకెందుకు? నేను మామూలు రెన్యువలే చేయించుకున్నాను. పెదనాన్న పేరున ఉన్న ఆర్‌సీ పుస్తకం, మరణ ధ్రువపత్రం, వారసుల సంతకాలు పట్టుకుని తిరిగిన ఐదు నెలలు ఇంజను పట్టేయడం కన్నా కష్టం. మీ తాతగారి పేరున ఉంటే ఆ పని ఈరోజే మొదలుపెట్టండి, మెకానిక్కు తరవాత. ఇంకొకటి, ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది. అన్నీ మార్పించి, వారానికి ఒకసారైనా తిప్పండి.

కారును గోడౌను నుంచి బయటికి తెచ్చిన రోజు మా నాన్నను తీసుకువెళ్ళాను. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగు. కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పెద్దాయన కారెక్కి, మెడ తిప్పి, ఒక్క ఊపున వెనక్కి తెచ్చి వాలు మీదుగా దింపారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాన్న అటే చూస్తూ, "అన్నయ్యకు రివర్సు రాదని నాకు తెలుసు" అన్నారు. అక్కయ్య అక్కడే ఉంది. ఎవరమూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆయనే లేచి వెళ్ళి ముందు సీట్లో, నడిపేవారి పక్కన కూర్చున్నారు. తెనాలి దాకా దిగలేదు.

మీ మేనమామలు ఉంటే వాళ్ళను అడగండి ఆ అంబాసిడర్ ఎందుకు ఆగిందో. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కాదంటే ఇద్దరినీ విడివిడిగా అడగండి. అది రాసి, తలుపుల కింది అంచుల ఫొటోలు పెట్టండి, అప్పుడు అమ్మాలో ఉంచాలో చెబుతాను.