పెరటి చివర పది అడుగులు

మీరు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొనబోయే ఇంటి సర్వే పటంలో వెనుక కంచె వెంబడి చుక్కల గీత గీసి, ‘పది అడుగుల యుటిలిటీ ఈజ్‌మెంట్’ అని రాసి ఉందనీ, అక్కడ షెడ్డు వేసుకోవచ్చునా అనీ అడిగారు. వేయకండి. ఈజ్‌మెంట్ అంటే మీ స్థలాన్ని ఒక పనికి వాడుకొనే హక్కు మరొకరికి ఉండడం; ఇక్కడ ఆ మరొకరు కరెంటు, కేబుల్ లాంటి కంపెనీలు. 2008లో డాలస్ శివార్లలో మొదటి ఇల్లు కొన్నప్పుడు అలాంటి గీతనే నేను పట్టించుకోలేదు.

నేను గుంటూరు జిల్లా రైతు ఇంట్లో పుట్టాను. పక్క పొలం వారి బండి మా గట్టు మీదుగా వెళ్ళే దారి హక్కు కోసం మా నాన్నగారు కోర్టుకు తిరిగారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం పేరు చిన్నప్పుడే విన్నాను. అయినా ఇక్కడికి వచ్చాక కంచె లోపలిదంతా నాదేననుకున్నాను. అమ్మానాన్నలు వస్తే సాయంత్రం కూర్చోవడానికి నీడ ఉండాలని, కంచెను ఆనుకొని కాంక్రీటు పోయించి, పైన చెక్క పందిరి వేయించాను. 9,400 డాలర్లయింది. చెల్లెలి పెళ్ళికి పంపవలసిన డబ్బులోంచి తీసిన సొమ్ము అది. రెండో ఏడాది భూమిలోని కేబుల్ చెడితే, కంపెనీ వారు వచ్చి కాంక్రీటు పగలగొట్టి తవ్వుకొని వెళ్ళారు. తిరిగి కట్టించే పూచీ వారికి లేదని ఈజ్‌మెంట్ పత్రంలోనే ఉంది. ఆ పది అడుగులకూ ఆస్తిపన్ను కట్టేదీ, గడ్డి కోయించేదీ మాత్రం నేనే. నెల తిరక్కుండా, ముందుగా అనుమతి తీసుకోలేదంటూ హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మిగిలిన పందిరి తీయించడానికి మరో 2,100.

ఇదంతా, ఇల్లు కొనేముందు టైటిల్ కంపెనీ ఇచ్చే, నేను సంతకం చేసిన టైటిల్ కమిట్‌మెంట్ అనే పత్రంలో, మినహాయింపుల జాబితా అయిన ‘షెడ్యూల్ బి’లో ఉంది. అందులో మినహాయింపుగా చూపినదానికి, ఆస్తి హక్కులో లోపాలకు చేసే టైటిల్ ఇన్సూరెన్స్ రూపాయి కూడా ఇవ్వదు. ఇప్పుడు వచ్చే పిల్లలు వంటగది గ్రానైటును చూసినంత శ్రద్ధగా ఆ రెండు పేజీలను చూడరు. ఆ తర్వాత నేను మూడు ఇళ్ళు కొన్నాను. ప్రతిదాని పత్రాలూ కూర్చొని చదివాకే డబ్బు కట్టాను.

హెచ్‌ఓఏ నిబంధనలు కౌంటీ క్లర్కు దగ్గర నమోదై ఉంటాయి కాబట్టి, మీరు చదివినా చదవకపోయినా ఇంటితోపాటు మీకు సంక్రమిస్తాయి. టెక్సస్‌లో అప్పులవాళ్ళు సొంత ఇంటిని లాక్కోకుండా ఉండే హోమ్‌స్టెడ్ రక్షణ కూడా హెచ్‌ఓఏ బకాయిలకు సాధారణంగా అడ్డు రాదు; కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వేయలేరు గానీ, కట్టని అసెస్‌మెంట్లకు, అంటే సంఘం వసూలు చేసే చందాలకు వేయగలరు. గుమ్మానికి తోరణం కట్టుకోవడం గురించి దిగులు పడకండి, మతపరమైన గుర్తులకు చట్టం రక్షణ ఇస్తుంది. వివరాలు టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 202, 209 అధ్యాయాల్లో ఉన్నాయి.

కొనుగోలు నుంచి వెనక్కి తగ్గడానికి మీకున్న ఆప్షన్ గడువు శుక్రవారంతో ముగుస్తుందన్నారు. షెడ్యూల్ బిలో ఆ ఈజ్‌మెంట్ పక్కన నమోదు సంఖ్య ఉంటుంది. ఈరోజే టైటిల్ కంపెనీకి రాసి అసలు పత్రం ప్రతి తెప్పించుకోండి. అర్థం కాకపోతే కొన్ని వందల డాలర్లు పెట్టి లాయరుకు చూపించండి. షెడ్డుకని దాచిన డబ్బును అప్పటిదాకా ముట్టుకోకండి.