పుస్తకం ఉన్నచోటే ఉంది, ముద్రలే మారాయి

ప్రశ్న: మా తాతయ్య సిరొంచలో ఉండేవారు. ఆయన పెట్టెలో ఒక పాత తెలుగు పుస్తకం దొరికింది. లోపలి అట్ట మీద రెండు గుండ్రటి ముద్రలున్నాయి. ఒకదాంట్లో 'సి.పి. అండ్ బెరార్', ఇంకోదాంట్లో 'బొంబాయి రాష్ట్రం'. ఇది రెండు ఊళ్లు తిరిగిందా? ఇప్పుడు మా వాచనాలయంలో తెలుగు పుస్తకాలు అర బీరువా కూడా లేవు, ఎందుకని? — ఒక పాఠకురాలు, అహేరి, గడ్చిరోలి జిల్లా (మహారాష్ట్ర)

జవాబు: ఎక్కడికీ తిరగలేదమ్మా. సిరొంచ ఉన్నచోటే ఉంది, సర్కార్లే వచ్చిపోయాయి. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. అట్లా మనం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే మీ ముద్రలోని సి.పి.లో పడ్డాం. 1950లో అదే మధ్యప్రదేశ్ అయింది. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రం, 1960 మే 1న మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. మా నాయన పుట్టిందీ పోయిందీ ఒకే ఇంట్లో, కానీ నాలుగు సర్కార్లను చూశాడు.

గోదావరి దాటితే కాళేశ్వరం, అది అప్పట్లో నిజాం ఇలాకా. అక్కడ కొలువుల్లో ఉర్దూ, ఇళ్లల్లో తెలుగు. అందుకే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం పెట్టారు. పెట్టినవాళ్లలో కొమర్రాజు లక్ష్మణరావుగారు ఒకరు. ఆయన చదువుకుంది మన పాత రాజధాని నాగపూర్‌లో, అక్కగారు భండారు అచ్చమాంబ ఇంట్లో ఉండి. మరాఠీలో వ్యాసాలు కూడా రాశారు. మరాఠీవాళ్ల వాచనాలయాలు చూసే ఆయనకు ఆ ఆలోచన పుట్టి ఉంటుందని నా అనుమానం. రుజువు అడక్కండి.

ఇక మీ అర బీరువా సంగతి. అటు గట్టున, తెలంగాణలో, 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది, తెలుగు పుస్తకాలు వస్తాయి. వసూలైన సెస్సు పంచాయతీలు సకాలంలో కట్టవనే ఏడుపు అక్కడా ఉందనుకోండి. మన దగ్గర 1967 చట్టం. సెస్సు లేదు. ఊరివాళ్లు సంస్థగా ఏర్పడి వాచనాలయం నడిపితే సర్కారు దానికి అ, బ, క, డ వర్గాలు కట్టి, వర్గాన్ని బట్టి గ్రాంటు ఇస్తుంది. పుస్తకాలు ఎంచేది మరాఠీ చదివినవాళ్లు, అమ్మే దుకాణం ఉండేది చంద్రపూర్‌లోనో నాగపూర్‌లోనో. తెలుగు మీద పగ ఎవరికీ లేదు. కొనేవాడి కంటికి తెలుగు ఆనదు, అంతే.

నేను ఈ తాలూకాలోనే ఒక చిన్న వాచనాలయంలో ఇరవయ్యారేళ్లు గ్రంథపాల్‌గా చేశాను. చేరిన మొదటి వారమే పాత దాఖలా రిజిస్టర్ తెరిచాను. ఎర్ర గుడ్డ అట్ట, చెదలు కొరికిన మూల. అందులో ఒక పేజీ నిండా దేవనాగరిలో వరసగా ఇట్లా ఉంది: 'తెలుగు పుస్తకం, తెలుగు పుస్తకం, తెలుగు పుస్తకం...' పేరు లేదు, రచయిత లేడు. నాకు ముందు పనిచేసిన పెద్దమనిషికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. జీర్ణమైన పుస్తకాలు తీసేయమని పైనుంచి కాగితం వచ్చినప్పుడల్లా ముందు పోయేవి ఇవే. పేరు లేని పుస్తకం కావాలని ఎవరడుగుతారు?

మిగిలిన నలభై మూడింటినీ ఒక వానాకాలమంతా కూర్చుని మళ్లీ ఎక్కించాను. నేను పేరు చదవడం, అటెండరు దేవనాగరిలో రాయడం. 'ళ' దగ్గర అతను ఆగలేదు, మరాఠీలోనూ ఉందిగా. 'ఱ' దగ్గర ఆగాడు.

అందుకని, మీ పుస్తకాన్ని వాచనాలయానికి ఇవ్వదలిస్తే అట్ట లోపల పెన్సిలుతో దేవనాగరిలో పేరు, రచయిత, ఏ విషయమో రాసి ఇవ్వండి. రిజిస్టర్‌లో ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడండి. ముద్రల పేజీ మీద మాత్రం కొత్త కాగితం అంటించనివ్వకండి. మూడో ముద్రకు ఇంకా చోటుంటుంది.